చైనా కారుకి నేను చేసిన వైద్యం

మొన్న ఫిబ్రవరిలో నేను చేసిన ఘనకార్యం మీలో కొందరికి ముక్కలు ముక్కలుగా తెలిసే ఉంటుంది. ప్రసాద్ గారు చెప్పే వెర్షన్ మాత్రం నమ్మకండి, అందులో ఆయనే హీరో. అసలు జరిగింది నేను చెప్తాను. ఒక్క మాటలో చెప్పాలంటే, ఏ జబ్బూ లేని కారుని టో ట్రక్ పిలిపించి మరీ ఎక్కించాను. అదీ టర్బోల మీద పన్నెండేళ్ళుగా పని చేస్తున్న మనిషిని. టీ పోసుకోండి, మొదటినుంచీ చెప్తా.

ఇక్కడ మిషిగన్‌లో, నోవై ఊళ్ళో మా కంపెనీ కార్ల ఇంజన్లకి టర్బోలు చేస్తుందని మీకు తెలుసుగా. టర్బో అంటే పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. ఊదుగొట్టంతో ఊదితే పొయ్యిలో మంట రేగుతుంది చూడండి, అదే. కాకపోతే ఇక్కడ ఊదేది మనిషి కాదు, ఇంజన్ వదిలేసిన పొగే. ఆ పొగ ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది, ఆ చక్రం ఇంకో చక్రాన్ని తిప్పి గాలిని ఇంజన్‌లోకి కూరుతుంది. దాంతో చిన్న ఇంజన్ పెద్ద ఇంజన్‌లా లాగుతుంది. ఈ రెండు ముక్కల్ని రకరకాల స్లైడ్లలో చెప్పడానికే నాకు జీతం ఇస్తున్నారు.

మా మేనేజర్ క్రెయిగ్ ఒక చైనా సెడాన్ తెప్పించాడు. ఆ కారు అమెరికాలో అమ్మరు. ఓడలో వచ్చింది, కంపెనీ టెస్టింగ్ ప్లేట్లు తగిలించుకుంది. మరీ చవకదీ కాదు, మరీ ఖరీదైనదీ కాదు, అక్కడి మధ్యతరగతి ఇంటాయన కొనుక్కునే కారు. బానెట్ కింద చిన్న టర్బో ఇంజన్. టీమ్‌లో ఒక్కొక్కరూ ఒక్కో వీకెండ్ ఇంటికి తీసుకెళ్ళి నడపాలి, అభిప్రాయం రాయాలి. అందరి వంతూ అయ్యాక దాన్ని నట్టు నట్టూ విప్పి చూడాలి. అదీ ప్లాను.

నడపక ముందే అందరికీ అభిప్రాయాలు తయారుగా ఉన్నాయి. ఒకాయన తలుపు వేసి ఆ చప్పుడు విని రేకు డబ్బా అని తేల్చేశాడు. ఆయన సొంత కారు తలుపు కూడా అలాగే మోగుతుందని మా అందరికీ తెలుసు, ఎవరూ అనలేదు. అందరికంటే గట్టిగా మాట్లాడింది నేనే అనుకోండి. లంచ్‌రూమ్‌లో నిలబడి, టర్బో నుంచి ఇంజన్‌కి గాలి వెళ్ళే గొట్టం ఉంటుంది కదా, దాన్ని బిగించిన క్లాంపు ఒక్క మిషిగన్ చలికాలం కూడా ఆగదని జోస్యం చెప్పాను. అప్పటికి నేను బానెట్ ఎత్తి కూడా చూడలేదు. మా టీమ్‌లో లిన్ అనే అతను పక్క టేబుల్ దగ్గర శాండ్‌విచ్ తింటున్నాడు. వుహాన్‌లో చదువుకుని ఇక్కడికి వచ్చిన మనిషి. నా జోస్యం విని కొంచెం నవ్వాడు. నేను దాన్ని ఒప్పుకోలు కింద జమ వేసుకున్నాను.

ఫిబ్రవరిలో నా వంతు వచ్చింది. క్రెయిగ్ తాళాలిస్తూ రెండే విషయాలు చెప్పాడు. నువ్వు తప్ప ఎవరూ నడపకూడదు, లోపల ఏమీ ఒలకకూడదు. ఇంట్లోవాళ్ళని ఎక్కించుకోవచ్చట. ఇంకేం, శనివారం మధ్యాహ్నం పక్క ఊరు కాంటన్‌లో మా ఫ్రెండ్ శైలజ వాళ్ళ పాప అన్నప్రాశన ఉంది, అందరం అందులోనే వెళ్దామన్నాను.

అందరం అంటే నేను, మా ఆయన రవి, రవి వాళ్ళ నాన్నగారు. మావయ్యగారు హనుమకొండలో డిప్యూటీ తహశీల్దార్‌గా రిటైరయ్యారు. మా దగ్గర ఆరు నెలలు ఉండడానికి వచ్చారు. నాది తెనాలి, వాళ్ళది హనుమకొండ. అప్పుడు టీవీలో రోజూ రాష్ట్రం విడిపోయే గొడవ నడుస్తోంది. మా ఇంట్లో మాత్రం ఒక్క విషయంలోనే గొడవ, పప్పుచారులో బెల్లం వేయాలా వద్దా అని. శైలజ వాళ్ళింటికి తీసుకెళ్ళడానికి ఆ రోజు చేసినదాంట్లో వేశాను. ఆ గిన్నె ఎక్కడ పెట్టాలన్నది ఇంకో సమస్య. డిక్కీలో పెడితే ఒలుకుతుంది, ఒలికితే క్రెయిగ్ ఊరుకోడు. చివరికి రవి ఒళ్ళో పెట్టాను. అతను ముందు సీట్లో నా పక్కన గిన్నె పట్టుకుని కూచున్నాడు, మావయ్యగారు వెనక కూచున్నారు.

వెనక కూచున్న రెండు నిమిషాలకే ఆయన ఆ కారుకి భక్తుడైపోయారు. మా సొంత కార్లో ఆయన మోకాళ్ళు ముందు సీటుకి తగిలి, ఎప్పుడూ కొంచెం పక్కకి తిరిగి కూచునేవారు. ఇందులో కాళ్ళు బారజాపుకున్నా ఇంకా చోటు మిగిలింది. మధ్యలో చేతికి ఆనుడు బల్ల, కిటికీలకి పైకి లాగే తెరలు, పక్కనే ఏసీ బటన్లు. సర్వీసులో ఉన్నప్పుడు జీపు ముందు సీటే గౌరవం అనుకునేవాడినని, గౌరవం వెనక సీట్లో ఉంటుందని చైనావాళ్ళు కనిపెట్టారని అన్నారు. నేను అద్దంలో చూసి నవ్వి, సీటు బాగుంటే సరిపోదు మావయ్యగారూ, ఇంజన్ చూడాలి అని ఒక చిన్న ఉపన్యాసం ఇచ్చాను.

ఆ ఉపన్యాసం మధ్యలోనే ఆయన ముందు సీటు పక్కన, భుజం దగ్గర, రెండు బటన్లు కనిపెట్టారు. ఆ కారులో వెనక కూచున్న పెద్దాయన తన కాళ్ళకి చోటు కావాలంటే ముందు సీటుని తనే జరుపుకోవచ్చు. ఆ సంగతి మాకెవరికీ తెలియదు. ఆయన ఒకటి నొక్కారు. రవి పప్పుచారు గిన్నెతో సహా మెల్లగా డాష్‌బోర్డు వైపు బయల్దేరాడు.

రవి, సీటు జరుగుతోంది అన్నాడు. నేను హైవే రాంప్ ఎక్కుతున్నాను, రోడ్డు మీద సగం కరిగిన మంచు. మాట్లాడకు, ఇంజన్ వింటున్నా అన్నాను. వెనక నుంచి మావయ్యగారు, ఇది నొక్కితే మంచిగ జాగ వస్తున్నదని సంతోషంగా చెప్తున్నారు. రవి మోకాళ్ళు గ్లవ్ బాక్సుకి తగిలాయి, గిన్నె పొట్టకి నొక్కుకుంది. పక్కన ఏదో క్లిక్ మంది. నేను పట్టించుకోలేదు.

అప్పుడు మొదలైంది. కారు బీప్ బీప్ మంది. స్క్రీన్ మీద చైనీస్ అక్షరాలు ఎర్రగా వెలిగాయి. లోపలి నుంచి ఒకావిడ గొంతు ఎంతో మర్యాదగా ఏదో చెప్పింది. మళ్ళీ చెప్పింది. సరిగ్గా అదే సమయానికి నేను యాక్సిలరేటర్ తొక్కితే కారు లాగలేదు. ముక్కుతూ మూలుగుతూ రాంప్ ఎక్కింది. డాష్ మీద ఇంకో పసుపు లైటు మినుక్కుమంది.

మీ దగ్గర దాచడమెందుకు, నాకు భయం వేయలేదు. సంతోషం వేసింది. జోస్యం ఫలించినప్పుడు జ్యోతిష్కుడి మొహం ఎలా ఉంటుందో నా మొహం అలా ఉందట, రవి తర్వాత చెప్పాడు. క్లాంపు ఊడింది, గాలి లీకైపోతోంది, అందుకే పవర్ లేదు, చెప్పానా లేదా అన్నాను. తర్వాతి ఎగ్జిట్ తీసుకుని ఒక షాపింగ్ ప్లాజా పార్కింగ్‌లో ఆపాను.

ఆపగానే మావయ్యగారికి బాత్రూమ్ అవసరం పడింది. రవి గిన్నె నేల మీద పెట్టి, ఆయన్ని అక్కడున్న కాఫీ షాపులోకి తీసుకెళ్ళాడు. నేను బానెట్ ఎత్తాను. ఇంజన్ మీద అంతటా నల్లటి ప్లాస్టిక్ మూత ఉంది. అది తియ్యడానికి నా దగ్గర టూల్స్ లేవు. అయినా నాకు చూడాల్సిన అవసరం ఏముంది, రోగం తెలిసిపోయింది కదా.

ఇంతలో అదే అన్నప్రాశనకి వెళ్తున్న ప్రసాద్ గారు నన్ను చూసి వ్యాన్ ఆపారు. ఆయన జావా ఆర్కిటెక్ట్. ముందు ఆఫ్ చేసి ఆన్ చేయమన్నారు. చేశాను. పార్కింగ్‌లో ఒక చుట్టు తిప్పాను. బీప్ లేదు, ఆవిడ గొంతూ లేదు. వచ్చి పోయే రోగం అన్నిటికంటే ప్రమాదకరమైనదని ఇద్దరం తల ఊపుకున్నాం. మావయ్యగారిని కాఫీ షాపులో కూచోబెట్టి తిరిగొచ్చిన రవి చలికి తట్టుకోలేక గిన్నెతో సహా ముందు సీట్లోకి ఎలాగో దూరాడు. మళ్ళీ ఒక చుట్టు తిప్పితే, ఆవిడ వెంటనే మాట్లాడింది. దీన్నిబట్టి తేలిందేమిటంటే, బరువు పెరిగితే రోగం బయటపడుతోంది. ఈ మాట నేను ఇంజనీరింగ్ భాషలోనే అన్నాను గానీ రవి వేరేలా తీసుకున్నాడు. వారం నుంచీ అన్నం మానేసి చపాతీలు తింటున్న మనిషి.

ప్రసాద్ గారు తన ఫోను స్పీకరు దగ్గర పెట్టి ఆవిడ మాటల్ని ట్రాన్స్‌లేటర్‌కి వినిపించారు. గౌరవనీయ ముందు అతిథి, దయచేసి టై చేయండి అని వచ్చింది. కాసేపు ఆలోచించి, టై అంటే స్టీరింగ్ కింద ఉండే టై రాడ్ అయ్యుంటుందన్నారు ప్రసాద్ గారు. కాదని ఎలా చెప్పను? నాకూ చైనీస్ రాదు. అలా రోగాలు రెండయ్యాయి.

లిన్‌కి ఫోన్ చేయొచ్చు కదా అని మీరు అడుగుతారు. రవీ అదే అడిగాడు. నేను చేయనన్నాను. లంచ్‌రూమ్‌లో అన్ని మాటలు అన్నాక, శనివారం పూట ఫోన్ చేసి, బాబూ కొంచెం చదివి పెట్టు అని ఎలా అడుగుతాం? దాని బదులు టీమ్ మొత్తానికి ఒక ఈమెయిల్ కొట్టాను. క్రెయిగ్ పై బాస్‌ని కూడా సీసీలో పెట్టాను. అనుకున్నట్టే టర్బో గాలి గొట్టం దగ్గర ఫెయిల్యూర్, స్టీరింగ్ సమస్య కూడా ఉండొచ్చు, టో చేయిస్తున్నాను అని రాసి, స్క్రీన్ ఫోటో జత చేశాను.

ప్రసాద్ గారు వెళ్తూ వెళ్తూ, అంకుల్‌ని చలిలో ఎందుకు ఉంచడం, మా వ్యాన్‌లో తీసుకెళ్తాం అన్నారు. అప్పటికే కాఫీ షాపు బయట నిలబడి ఉన్న మావయ్యగారు సరేనన్నట్టు తల ఊపారు. వ్యాన్ వెళ్ళిపోయింది. నేనూ రవీ కాఫీ తెచ్చుకున్నాం. మళ్ళీ కారు దగ్గరికొచ్చి బానెట్ మీద చెవి పెట్టాను. అప్పుడు వినిపించింది, సన్నటి ఈల. లేస్తుంది, తగ్గుతుంది, మళ్ళీ లేస్తుంది.

రవి, ఇంజన్ ఆఫ్‌లో ఉంది కదా, ఈల ఎక్కణ్ణుంచి అన్నాడు. మామూలుగా ఇంజన్ ఆగిన క్షణంలోనే ఆ గొట్టంలో ఒత్తిడి పోతుంది. ఇది నేను కొత్తగా చేరిన పిల్లలకి మొదటి రోజే చెప్పే పాఠం. అయినా నా నోటి నుంచి ఏం వచ్చిందో తెలుసా? మిగిలిన ప్రెషర్ మెల్లగా బయటికి పోతోంది, డిజైన్ అంత దరిద్రంగా ఉందన్నమాట అన్నాను. అంతటితో ఊరుకోలేదు. ఇంజన్ ఆపిన చాలాసేపటి వరకు లీకు శబ్దం వినిపిస్తూనే ఉందని ఇంకో ఈమెయిల్ కొట్టాను. మళ్ళీ అందరికీ.

టో ట్రక్ వచ్చింది. వెనక బల్ల వాల్చి, గొలుసుతో కారుని దాని మీదికి లాగే రకం. డ్రైవరు గేరు న్యూట్రల్‌లో పెట్టమంటే ముందు తలుపు తీసి, వంగి పెట్టాను. లోపల ఈల ఇంకా గట్టిగా వినిపించింది. లీకు క్యాబిన్ దాకా వచ్చేసిందనుకుని తలుపు వేసేశాను. కారు మెల్లగా ఏటవాలుగా పైకి వెళ్తోంది. ఫోటో తీసుకున్నాను కూడా, సోమవారం స్లైడ్‌కి పనికొస్తుందని.

అప్పుడు ప్రసాద్ గారి ఫోన్ వచ్చింది. ఇక్కడ భోజనాలు మొదలయ్యాయి, మీ ముగ్గురికీ చోటు పట్టి ఉంచమంటారా అని అడిగారు. ముగ్గురేమిటండీ, మావయ్యగారు మీతోనే ఉన్నారు కదా అన్నాను. వ్యాన్ వెనక వరసలో పిల్లల కారు సీట్లూ డైపర్ బ్యాగులూ చూసి ఆయన వద్దన్నారట. కోడలితోనే వస్తానని చెప్పి వెనక్కి వెళ్ళారట. పక్కనున్న ప్రసాద్ గారి భార్య సరే పదండి అనగానే ఆయన వ్యాన్ పోనిచ్చారట.

బయట నీళ్ళు గడ్డకట్టే చలి. ఆయన దగ్గర ఫోను లేదు, ఇంటి అడ్రసు కూడా గుర్తుండదు. రవి కాఫీ షాపులోకి పరిగెత్తాడు, అక్కడ లేరు. పక్క షాపులోకి పరిగెత్తాడు. నేను పార్కింగ్ అంతా తిరుగుతూ మావయ్యగారూ అని పిలుస్తున్నాను. జనం ఆగి చూస్తున్నారు. రవి బయటికి వచ్చి నా మొహంలోకి చూశాడు. ఆ చూపు గుర్తొస్తే ఇప్పటికీ నాకు నవ్వు రాదు. పోలీసులకి నైన్ వన్ వన్ నొక్కబోతూ, నిజంగానే అంకెలు కనబడక ఫోను జారవిడిచాను.

అప్పుడు ఈల ఆగిపోయింది.

టో ట్రక్ మీద, అంత ఎత్తున, కారు వెనక కిటికీ తెర కిందికి దిగింది. అద్దమూ దిగింది. మంకీ క్యాపు పెట్టుకుని, వెనక సీట్లో నేను పడేసిన నల్ల శాలువా నిండా కప్పుకున్న ఒక తల బయటికి వచ్చి అటూ ఇటూ చూసింది.

"ఏంది బిడ్డా, ఘాట్ రోడ్డెక్కుతున్నమా?"

టో ట్రక్ డ్రైవరు అంత బలమైన మనిషి, గొలుసు వదిలేసి రెండడుగులు వెనక్కి వేశాడు. రవి మంచులో అలాగే కూచుండిపోయాడు. నేను ఏడుస్తున్నానో నవ్వుతున్నానో నాకే తెలియలేదు. ఆయన్ని కిందికి దించేటప్పుడు మాత్రం, ఇంకా కొంచెంసేపు పండుకుంటే ఏమైతుండే అని విసుక్కున్నారు. ఆ వెనక సీట్లో పట్టిన నిద్ర అమెరికా వచ్చాక ఇంకెక్కడా పట్టలేదట. ఆయన ముక్కు ఈల వేస్తుందని రవికి చిన్నప్పటి నుంచీ తెలుసు. అప్పుడు ఎందుకు చెప్పలేదంటే, నువ్వు ప్రెషర్ అన్నావు కదా, నువ్వు ఇంజనీరువి అన్నాడు.

కారు ఇంకా బల్ల మీదే ఉంది, లిన్ ఫోన్ చేశాడు. అందరికీ రిప్లై కొట్టకుండా నాకొక్కదానికే చేశాడు. ఫోటో చూశాను, నీకు చెప్పాలా వద్దా అని కాసేపు ఆలోచించాను అన్నాడు. చెప్పమన్నాను.

"ముందు సీట్లో కూచున్నవారు దయచేసి సీటు బెల్టు పెట్టుకోండి అని రాసుంది" అన్నాడు.

నేను రవి వైపు చూశాను. రవి గిన్నె వైపు చూశాడు. సీటు ముందుకి జరిగి బెల్టు మెడ మీద కోసుకుంటుంటే, పప్పుచారు ఒలక్కూడదని బెల్టు విప్పేశాడట. ఆ క్లిక్ అదన్నమాట. మరి పవర్ ఎందుకు తగ్గిందని అడిగాను, ఇంకా ఏదో మూల ఆశ. పసుపు లైటు ఎలా ఉందో చెప్పమన్నాడు. చిన్న కారు బొమ్మ, కింద రెండు వంకర గీతలు అన్నాను. చెప్తుండగానే నాకు అర్థమైంది. టైర్లు జారుతుంటే కారు తనంతట తనే పవర్ తగ్గించి మనల్ని కాపాడుతోందని చెప్పే లైటు అది. ప్రపంచంలో ప్రతి కారులోనూ అదే బొమ్మ. దాన్ని చదవడానికి చైనీస్ రానక్కర్లేదు.

ఇక అందరికీ మూడో ఈమెయిల్ నేనే రాశాను. కారుకి ఏ రోగమూ లేదు, ఈల మా మావయ్యగారిది అని. అంతకంటే చిన్న ఈమెయిల్ నా జీవితంలో రాయలేదు. క్రెయిగ్ నుంచి ఒక్కటే ప్రశ్న వచ్చింది, ఆయన క్షేమమేనా అని. శైలజ వాళ్ళింటికి మేము వెళ్ళేసరికి పాప అన్నప్రాశన అయిపోయి నిద్రపోతోంది. పప్పుచారు మాత్రం ఒక్క చుక్క ఒలకలేదు.

సోమవారం మీటింగ్‌లో మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కానీ క్రెయిగ్ నన్ను వదిలేసి మావయ్యగారి మీద పడ్డాడు. ఎంతసేపు పడుకున్నారు, ఏ పక్కకి తిరిగి పడుకున్నారు, కారు ఏటవాలుగా లేస్తున్నా ఎందుకు మెలకువ రాలేదు, అన్నీ అడిగాడు. లిన్ అప్పుడు నోరు విప్పాడు. వాళ్ళ దేశంలో ఇలాంటి కారు కొనేవాడు తల్లిదండ్రుల్ని వెనక కూచోబెట్టి చూపించి మరీ కొంటాడట. అందుకే అక్కడి ఇంజనీర్లు వెనక సీటు కోసం కారు పొడవు పెంచారట. మేమందరం ఇన్నాళ్ళూ ఆ కారుని బానెట్ వైపు నుంచే చూస్తున్నాం. తర్వాత దాన్ని విప్పినప్పుడు నేను జోస్యం చెప్పిన క్లాంపుని నా చేతే విప్పించారు. అది రాలేదు. లిన్ కూడా వచ్చి పట్టుకోవాల్సి వచ్చింది.

రిపోర్టు పోయిన నెల బయటికి వచ్చింది. నేను టర్బో గురించి రాసిన పేజీ మొత్తం తీసేశారు. వెనక సీటు గురించి మాత్రం ఒక వాక్యం ఉంది. కారుని ట్రక్ మీదికి ఎక్కిస్తున్నంతసేపూ ఒక పెద్దవయసు ప్రయాణికుడు గాఢనిద్రలో ఉన్నారు అని. రవి అది చదివి, విజిటర్ వీసా మీద పని చేసినట్టు అవుతుందేమోనని కంగారు పడ్డాడు.

మావయ్యగారికి ఆ కంగారేం లేదు. మొన్న ఆదివారం హనుమకొండలో ఆయన స్నేహితుడితో స్పీకర్ పెట్టి మాట్లాడుతున్నారు. ఇక్కడ మా కోడలి కంపెనీల కార్లు టెస్ట్ చేసిన, పండుకొని చేసే నౌకరి అని చెప్తున్నారు. నేను వంటింట్లో టీ కాస్తూ వింటున్నాను. మరి మీ కోడలేం పని చేస్తదక్కడ అని అడిగాడు అవతలాయన.

మావయ్యగారు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"ఆమెనా? డ్రైవర్."